ఆ ఫొటోలో ఎడమ నుంచి రెండోది

నా ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. 2021 మే నెలాఖరుది. మా ఊరి హైస్కూల్ వరండా. వెనక పెద్ద ఫ్లెక్సీ. దాని మీద ఇండియా జెండా, అమెరికా జెండా పక్కపక్కన, కింద దాతల పాస్‌పోర్టు సైజు ఫొటోలు. ముందు బెంచీ మీద వరసగా 5 ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు. వాటి వెనక మాస్కులు గడ్డం కిందికి లాక్కుని నవ్వుతూ మేం 8 మందిమి.

ఆ ఫొటో తీసేనాటికి ఎడమ నుంచి రెండో మిషన్ కాలిపోయి 4 రోజులైంది. ఆ సంగతి ఫొటోలో ఉన్న ముగ్గురికి తెలుసు. ఆ ముగ్గురిలో నేనొకణ్ని.

పంపినవాళ్లకి మాత్రం మూడేళ్లు చెప్పలేదు. ఈ వారం కాలమ్ ఆ మూడేళ్ల గురించి.

ఏం కావాలో నేను అడగలేదు

సెకండ్ వేవ్ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మీలో కొందరు పరీక్షలు రద్దయిన బ్యాచ్ కూడా అయ్యుంటారు. నాకప్పుడు 23. హైదరాబాద్‌లో ఉద్యోగం, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని జగిత్యాల దగ్గర మా ఊరికి వచ్చేశా. పొద్దున లేస్తే వాట్సాప్ తెరవాలంటే భయం. ఎవరి డీపీ కింద ఎవరు 'ఓం శాంతి' పెట్టారోనని.

అలాంటి ఒక రాత్రి డల్లాస్ నుంచి అక్క ఫోన్. మా పెద్దమ్మ కూతురు. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి తీసుకెళ్లింది. అక్కడ సాఫ్ట్‌వేర్ జాబ్. "ఇక్కడ కూసొని టీవీ చూస్తుంటే పిచ్చి లేస్తోందిరా. ఏం కావాల్నో చెప్పు, పంపిస్తం" అంది. గొంతు వణుకుతోంది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఆక్సిజన్ మిషన్లు అక్కా. అందరూ అవే అడుగుతున్నరు" అన్నా.

అందరూ అంటే ఎవరు? టీవీ. ఇన్‌స్టా స్టోరీలు. మా ఊరికి 4 కిలోమీటర్ల దూరంలో పీహెచ్‌సీ ఉంది, అక్కడ డాక్టరున్నారు. మా వీధిలోనే ఏఎన్ఎం ఉంటుంది. రోజూ మా గేటు ముందు నుంచే వెళ్తుంది. ఆవిణ్ని ఒక్క మాట అడగలేదు. తర్వాత ఎప్పుడో అడిగితే ఆవిడ చెప్పింది ఇదీ: "ఊరికి రెండే పల్స్ ఆక్సీమీటర్లు ఉండె. ఒక ఇంట్ల పెట్టి చూసి, తుడిచి, ఇంకో ఇంటికి ఉరుకుడు. రాత్రి పూట సీరియస్ అయితే బండి దొరకకపోయేది. గవే రెండు కష్టాలు."

ఆక్సీమీటర్లు, రాత్రికి ఒక బండి. మొత్తం కలిపినా ఒక కాన్సంట్రేటర్ ఖరీదు అయ్యేది కాదు.

అక్కవాళ్లు మాత్రం తమ వంతు ప్రాణం పెట్టి చేశారు, అది చెప్పాలి. శనివారం మొదలెడితే ఆదివారం రాత్రికి డబ్బు పోగైంది. పిల్లలు పిగ్గీ బ్యాంకులు పగలగొట్టారు. ఒక ముసలాయన, మన దగ్గర్నుంచి ఎప్పుడో వెళ్లి అక్కడే సిటిజన్ అయిపోయినాయన, పేరు రాయొద్దని చెప్పి అందరికంటే ఎక్కువ ఇచ్చారు. ఇండియాలో మిషన్లు దొరకట్లేదు, దొరికినా రేటు రెండింతలు, మూడింతలు. అందుకే అక్కడే కొన్నారు. మూడు ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే దొరికాయి. మిగతా రెండు అక్కడి మెడికల్ సామాన్ల షాపులో కొని, బావే కారులో తెచ్చి ప్యాక్ చేశాడు.

అప్పటికి రూల్స్ కూడా కొంచెం సడలాయి. సొంత వాడకానికి కాన్సంట్రేటర్లని గిఫ్ట్‌గా పోస్టులో, కొరియర్లో తెప్పించుకోవచ్చని 2021 ఏప్రిల్ 30న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. జూలై 31 దాకా ఆ వెసులుబాటు. డబ్బాలు శంషాబాద్‌లో దిగి, కాగితాలు పూర్తయి, మా ఊరు చేరేసరికి వారం దాటింది.

ఆ రాత్రి

డబ్బాలు వచ్చింది మధ్యాహ్నం. ఆ రాత్రే మా తెలుగు సారుకి ఆయాసం ఎక్కువైంది. రిటైరై ఊళ్లోనే ఉంటున్నారు. కొడుకు హైదరాబాద్‌లో పాజిటివ్ వచ్చి గదిలో పడుకుని ఉన్నాడు, రాలేడు. ఆక్సీమీటర్ పెడితే 89. మామూలుగా 94 దాటి ఉండాలి.

పక్కింటాయన అప్పటికే ఆటో మాట్లాడి తెచ్చాడు. ఆటో గేటు ముందు ఆగి ఉంది. జగిత్యాల సర్కారు దవాఖానకి తీసుకెళ్దామని సారుని లేపుతున్నారు.

నేనే ఆపాను. "మిషన్లు వచ్చినయ్ కదా. అక్కడ బెడ్డు దొరుకుతదో లేదో, ఇక్కడే పెడదాం" అన్నా. ఆటో పంపించేశారు.

మిషన్ ప్లగ్‌కి రెండు బల్లపరుపు పిన్నులు. మన సాకెట్‌లో పట్టవు. మొబైల్ షాపు వాణ్ని లేపి 60 రూపాయల అడాప్టర్ తెచ్చాం. ప్లగ్ చక్కగా పట్టింది. స్విచ్ వేశా. రెండు సెకన్లు గుర్రుమంది. తర్వాత 'టప్'మని శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన, వెనక నుంచి పొగ. కరెంటు ట్రిప్పయి ఇల్లంతా చీకటి. ఆ చీకట్లో సారు ఊపిరి చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఇంకో ఆటో దొరకడానికి 50 నిమిషాలు పట్టింది. జగిత్యాల చేరేసరికి రీడింగ్ 82.

సారు బతికారు. 11 రోజులు దవాఖానలో ఉండి ఇంటికొచ్చారు. ఆ 50 నిమిషాల వల్ల ఆయనకి ఎంత నష్టం జరిగిందో ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

మీ ఛార్జర్ ఒకసారి తిప్పి చూడండి

ఇప్పుడు మీ చేతిలో ఫోన్ ఉంది కదా. దాని ఛార్జర్ తీసి అడుగున చిన్న అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటుంది. అంటే అమెరికాలో పెట్టినా, ఆదిలాబాద్‌లో పెట్టినా పనిచేస్తుంది. ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్ ఛార్జర్లు వాడీ వాడీ, ఫారిన్ వస్తువుకి పిన్ను మారిస్తే చాలని మనకి అలవాటైపోయింది.

మోటార్ ఉన్న మిషన్లకి అలా కాదు. అమెరికా ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అడాప్టర్ పిన్నుల ఆకారం మారుస్తుంది, కరెంటుని మార్చదు. 120కి తయారైన మిషన్‌లోకి నేను 230 పంపించా. అది కాలిపోక ఏం చేస్తుంది?

ఈ పాఠం నాకు చెప్పింది ఏ ఇంజినీరూ కాదు. మా చిన్నాయన. రియాద్‌లో ఎలక్ట్రీషియన్. పద్నాలుగేళ్లుగా లేబర్ క్యాంపులో ఉంటున్నాడు. మర్నాడు పొద్దున నేను ఏడుస్తూ ఫోన్ చేస్తే మొదట ఒక్కటే అడిగాడు: "మిషన్ వెనక ప్లేటు మీద ఏం రాసి ఉన్నది? సదువు."

చదివా. 120 వోల్టులు, 60 హెర్ట్జ్.

"ఈడ సౌదీల పాత ఇండ్లల్ల 127, కొత్త వాటిల్ల 220. రెండూ ఉంటయి. ప్లేటు చూడకుంట ఏ మిషనూ పెట్టం. మొదటి నెలల్నే నేర్పుతరు. ఇంకోటి కూడ గట్లనే ఉంటే దాన్ని ముట్టకు."

"స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చిన్నాయనా?"

"వోల్టేజీ దిగుతది. హెర్ట్జ్ మారదు గదా. 60 మీద తిరిగే మోటర్ 50 మీద మెల్లగ తిరుగుతది, వేడెక్కుతది. గాలి తక్కువ గుంజుతది. నీకు ఆక్సిజన్ వస్తున్నట్టే కనబడ్తది, రావాల్సినంత రాదు. గది ఇంకా డేంజర్."

కాన్సంట్రేటర్ పనే గాలిని లోపలికి లాగడం. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. లోపల జియోలైట్ గుళికలు నైట్రోజన్‌ని పట్టేసుకుంటే, బయటికి దాదాపు 93 శాతం ఆక్సిజన్ వస్తుంది. కంప్రెసర్ సరిగ్గా తిరగకపోతే ఆ శాతం పడిపోతుంది. చిన్నాయన చదివింది పదో తరగతి. కానీ లెక్క కరెక్టు.

"ముందే నన్ను ఒక్క మాట అడిగితే అయిపోవు గద బిడ్డా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు.

ఎందుకు అడగలేదో నాకు తర్వాత అర్థమైంది. మిషన్ల సంగతంతా నడిచింది 'మన ఊరి ఎన్నారైలు' అనే వాట్సాప్ గ్రూపులో. అందులో డల్లాస్ ఉంది, న్యూజెర్సీ ఉంది, లండన్ ఉంది. చిన్నాయన లేడు. మా ఊరి నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు పదుల్లో ఉన్నారు, ఒక్కరూ ఆ గ్రూపులో లేరు. మా దగ్గర ఎన్నారై అంటే అమెరికా పోయినోడు. గల్ఫ్ పోయినోణ్ని ఎన్నారై అనరు. సౌదీ అయినా, ఒమన్ అయినా 'దుబాయి పోయిండు' అంటారు, అంతే.

ఫొటో ఎందుకు తీశామంటే

నాలుగు రోజుల తర్వాత గ్రూపులో మెసేజ్. "డోనర్స్ అప్‌డేట్ అడుగుతున్నారు, ఒక మంచి ఫొటో పెట్టండి."

మేం ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. నిజం చెప్తే అక్క ఏడుస్తుంది. ఇంకోసారి ఎవరూ డబ్బులివ్వరు. 'ఊళ్లో వాళ్లకి ఇస్తే ఇంతే' అనుకుంటారు. అయినా మూడు మిషన్లు మన కరెంటువే, బాగానే పనిచేస్తున్నాయి కదా. ఇలా ఒకదాని మీద ఒకటి కారణాలు పేర్చుకున్నాం.

కాలిన మిషన్ వెనక వైపు నల్లగా అయింది, ముందు నుంచి కొత్తదానిలాగే ఉంది. తుడిచి బెంచీ మీద పెట్టాం. దాని జత మిషన్ కూడా పెట్టాం. నవ్వాం.

ఫొటోకి వచ్చిన రిప్లైలు ఇంకా గుర్తున్నాయి. చేతులు జోడించిన ఎమోజీలు, హృదయాలు. "ప్రౌడ్ ఆఫ్ యూ తమ్ముడూ" అని అక్క. ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

బాగున్న మూడింటి కథ కూడా చెప్పాలి. ఒకటి పీహెచ్‌సీకి ఇచ్చాం. రెండు ఊళ్లో తిరిగాయి. ఆ జూన్‌లో కనీసం ఆరుగురికి ఆసరా అయ్యాయి. ఆ పుణ్యం అక్కవాళ్లదే. ఆగస్టు తర్వాత వాటిని ఎవరూ అడగలేదు, మేమూ పట్టించుకోలేదు. బడి మెట్ల కింద పెట్టేశాం. 2022 జనవరిలో మళ్లీ కేసులొచ్చాయని బయటికి తీస్తే ఫిల్టర్ల నిండా దుమ్ము. ఒకదానిలో ఆక్సిజన్ శాతం తక్కువని ఎర్ర లైటు. ఆ గుళికలకి తేమ పడదు, వాడకుండా ఉంచితే పాడవుతాయి, అప్పుడప్పుడూ ఆన్ చేసి నడపాలి. అది మాకెవరూ చెప్పలేదు. అదీ మేం గ్రూపులో రాయలేదు.

అక్కకి చెప్పిన రోజు

2024 సెప్టెంబర్ మొదటివారం. బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, అంతకు ముందెప్పుడూ అంత రాలేదు. అదే రోజుల్లో మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలు మునిగాయి. మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయిది విజయవాడ సింగ్ నగర్. అమ్మానాన్న పైఅంతస్తులో ఇరుక్కుపోయారు, ఫోన్లు స్విచాఫ్. ఆ పిల్ల సీట్లో కూర్చుని ఒకే నంబర్‌కి మళ్లీ మళ్లీ కొడుతోంది.

సాయంత్రం అక్క ఫోన్. "మా గ్రూపంతా రెడీగా ఉన్నరు. దుప్పట్లు, బట్టలు కలెక్ట్ చేసి కంటైనర్ పంపుదమనుకుంటున్నం. నువ్వు ముందుండి చూసుకో. పోయినసారి ఎంత మంచిగ చేసినవ్!"

ఆ 'మంచిగ చేసినవ్' అనే మాట దగ్గర ఇక నావల్ల కాలేదు. మొత్తం చెప్పేశా. ఆటో వెనక్కి పంపడం, పొగ, ఫొటో, మెట్ల కింద మిషన్లు, అన్నీ.

చాలాసేపు అటు నుంచి మాట లేదు. తిడుతుందేమో అనుకున్నా. మొదట అడిగింది, "సారు ఎట్లున్నరు ఇప్పుడు?" బాగున్నారని చెప్పా. ఆ తర్వాత మెల్లగా అంది:

"నీ ఫొటో చూసే అదే షాపుల ఇంకో నాలుగు కొన్నమురా. మా ఫ్రెండ్స్ వాళ్ల ఊర్లకి. మూడు ఊర్లకి పంపినం."

నాకు కాళ్లు ఆడలేదు.

"మరి వాళ్లేమన్నారు అక్కా?"

"వాళ్లు గూడ ఫొటోలే పంపిన్రు."

నేను ఇన్నాళ్లూ ఏమనుకున్నానంటే, నా అబద్ధం వల్ల ఎవరికీ నష్టం లేదు, అక్క మనసు నొచ్చుకోకుండా కాపాడానని. ఆ ఫొటో మూడు ఊళ్లకి సర్టిఫికెట్‌లా పనిచేసింది. ఆ మూడు ఊళ్లలో స్విచ్ ఎవరు వేశారో, మంచం మీద ఎవరున్నారో నాకు తెలీదు. అక్క ఆ తర్వాత ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి కనుక్కుంది. ఒక ఊళ్లో డబ్బా విప్పనేలేదట. ఇంకో ఊళ్లో ఎలక్ట్రీషియన్ చూసి పక్కన పెట్టాడట. మూడో ఊరివాళ్లు "అప్పుడే ఎవరికో ఇచ్చేశాం" అన్నారట. ఆ మూడో ఊరి మాట ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు నిద్ర పట్టదు.

మనం మొదటివాళ్లం కాదు

ఇది మన ఒక్కళ్ల జబ్బు కాదని తర్వాత చదివి తెలుసుకున్నా. 1988 డిసెంబర్ 7న అర్మేనియాలో స్పితాక్ దగ్గర భూకంపం వచ్చింది. కనీసం 25 వేల మంది చనిపోయారు. అర్మేనియన్లు ఊచకోతలకీ యుద్ధాలకీ చెదిరిపోయి దేశదేశాల్లో బతుకుతున్న జాతి. ఫ్రాన్స్‌లో, అమెరికాలో, లెబనాన్‌లో లక్షల మంది. తాతల ఊరు కూలిందంటే అందరూ కదిలారు. ఫ్రాన్స్‌లో పుట్టిన అర్మేనియన్ గాయకుడు షార్ల్ అజ్నవూర్ తోటి గాయకుల్ని కూడగట్టి పాట రికార్డు చేయించి సాయానికి నిధులు పోగుచేశాడు. ప్రపంచమంతా మందులు పంపింది.

ఎన్ని? కనీసం 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి. అందులో 8 శాతం అక్కడికి చేరేసరికే గడువు తీరిపోయాయి. 4 శాతం చలికి గడ్డకట్టి పాడయ్యాయి. మిగిలినవాటిలో చాలా పెట్టెల మీద ఏముందో చదివి పోల్చుకోవడమే కష్టమైంది. శిథిలాల మధ్య జనం ఎదురుచూస్తుంటే డబ్బాలు వేరుచెయ్యడానికి మనుషులు చాలలేదు. ఇలాంటి అనుభవాలు చూశాకే 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల దానానికి మార్గదర్శకాలు తెచ్చింది. అందులో మొదటి సూత్రం, తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టే పంపాలని. అడగకుండా పంపొద్దని.

అర్మేనియన్ల నుంచి ఇంకోటి కూడా నేర్చుకోవచ్చు. వాళ్లు భూకంపంతో ఆపలేదు. 1992లో హయస్తాన్ నిధి అని ఒకటి పెట్టుకుని, ఏటా అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ రోజున టీవీలో గంటల తరబడి కార్యక్రమం చేసి విరాళాలు సేకరిస్తారు. రోడ్లు, బడులు, నీటి పైపులు వేస్తారు. మనలాగా ఒక్క వారం ఏడ్చి, ఫొటో దిగి, మెట్ల కింద పెట్టేయలేదు.

ఈసారి ఏం చేశామంటే

కంటైనర్ ఆలోచన మానేశాం. సింగ్ నగర్ అమ్మాయికి అమ్మానాన్న దొరికాక, వాళ్లనే అడిగాం. వాళ్లు చెప్పింది వింటే ఆశ్చర్యం వేసింది. "బట్టలు వద్దు బాబోయ్, రోడ్డు పక్కన గుట్టలుగా పడున్నాయి. భోజనం పొట్లాలు ఇప్పుడు వస్తున్నాయి, డ్రోన్లతో కూడా వేశారు. మా వీధిలో అందరివీ ఆటోలండీ. ఇంజిన్లలో బురద. ఆటో నడవకపోతే రేపట్నుంచి తినేదేంటి?"

నీళ్లు తగ్గాక ఇంట్లో మిగిలేది బురద. స్టవ్వు, ఫ్రిజ్, పరుపు, పిల్లల పుస్తకాలు, అన్నీ పోతాయి. గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకి ప్రభుత్వం 25 వేలు ప్రకటించింది. అది ఇంటికి. ఆటో మెకానిక్ అడ్వాన్స్ ఇవ్వందే ఇంజిన్ విప్పట్లేదు.

ఆ వీధిలో 11 ఆటోలు. మెకానిక్‌తో మేమే మాట్లాడి, బిల్లు చూసి, డబ్బు నేరుగా ఆయనకే కట్టాం. దాతల ఫొటోలు లేవు, ఫ్లెక్సీ లేదు. వచ్చిన డబ్బు, కట్టిన బిల్లు ఒక షీట్‌లో వేసి లింకు గ్రూపులో పెట్టాం.

ఇక్కడ ఒక రూలు మీకు పనికొస్తుంది. అక్కకి ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే. అలాంటివాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళంగా చూడదు. అదే మన ముసలాయన అమెరికా పౌరుడు. తెలుగువాడే, మనసంతా ఇక్కడే, కానీ ఆయన డబ్బు చట్టం దృష్టిలో విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. అదీ ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆ సంస్థ దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యడానికి కూడా లేదు. కాబట్టి 'మా యూత్ అసోసియేషన్ అకౌంట్‌కి కొట్టెయ్ అంకుల్' అనకండి. అంకుల్‌కి ఏమీ కాదు, ఇబ్బంది మీ అసోసియేషన్‌కి. మా ముసలాయన రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే విడిగా ఇచ్చారు.

అన్నీ సాఫీగా జరగలేదు. 11 ఆటోల్లో రెండు ఇక బాగుకావని తేలింది. ఒకతను మా దగ్గరా, ఇంకో సంఘం దగ్గరా, రెండు చోట్లా రిపేరు డబ్బు తీసుకున్నాడు. ఆ రోజే గ్రూపులో రాసేశా. వేళ్లు వణికాయి, అయినా రాశా. అక్క రిప్లై: "సరేలే. ఆటో నడుస్తుందా మరి?"

నడుస్తోంది.

అంతే. ఎవరూ డబ్బు వెనక్కి అడగలేదు. ఎవరూ 'ఊళ్లో వాళ్లు ఇంతే' అనలేదు. మూడేళ్లు నేను భయపడింది దీనికా అనిపించింది.

ఈ చివర ఉన్నది మీరే

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఇండియాకి పంపింది సుమారు 129 బిలియన్ డాలర్లు. అందులో ఎక్కువ భాగాన్ని ఎవరూ చారిటీ అనరు. అమ్మ మందులు, చెల్లి ఫీజు, బాకీ కిస్తీ. చిన్నాయన ఉన్న క్యాంపులో ఎవరైనా చనిపోతే ఒక కాగితం గది గదికీ తిరుగుతుంది. పది రియాళ్లు, ఇరవై రియాళ్లు, పేరు రాసి ఇస్తారు. ఆ డబ్బుతో కాగితాలు, టికెట్ చూసుకుని పెట్టె శంషాబాద్ చేరుస్తారు. దానికి ఏ ఫ్లెక్సీ ఉండదు. కానీ ఆ ఇంటికి ఏం కావాలో ఆ క్యాంపుకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది చదివే మీలో చాలామందికి ఒక అక్కో, బావో, చిన్నాయనో బయట ఉంటారు. రేపు ఏదో వరద వస్తుంది, వాళ్లు ఫోన్ చేసేది మీకే. అప్పుడు టీవీలో చూసింది చెప్పకండి. మీ వీధిలో ఏఎన్ఎంని, బడి సారుని, ఆటో అన్నని అడిగి, గంటాగి చెప్పండి. వస్తువైతే వెనక ప్లేటు చదవమనండి. ఇచ్చాక అది ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరు రిపేరు చేయిస్తారో ముందే రాసుకోండి. పని చెడితే ఆ రోజే చెప్పండి. వాళ్లు అంత దూరం నుంచి చూడగలిగేది మీరు చూపించిందే.

పోయిన నెల చిన్నాయన సెలవు మీద వచ్చాడు. ఇప్పుడాయన కూడా గ్రూపులో ఉన్నాడు, గ్రూపు పేరు 'మన ఊరోళ్లు' అని మార్చాం. బడి మెట్ల కింద నుంచి ఆ మిషన్ తీసి, వరండాలో పెట్టి స్క్రూలన్నీ విప్పాడు. సారు కుర్చీ వేసుకుని కూర్చుని చూశారు. "ఇదేనా నన్ను పంపించేద్దామనుకున్నది?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

"బోర్డు పోయింది. కంప్రెసర్ మంచిగనే ఉన్నట్టుంది" అన్నాడు చిన్నాయన.

విప్పిన మిషన్, నల్లబడ్డ బోర్డు కనిపించేలా ఫొటో తీసి గ్రూపులో పెట్టా. వెనక ప్లేటు కూడా దగ్గరగా తీశా. 120 వోల్టులు, 60 హెర్ట్జ్, అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.